సాధువైన ఆవు ఏ జాతిది?

పశువు సాధువా, బెదురుదా అని కొలవడానికి ఆస్ట్రేలియావాళ్లు వాడే పరికరం మన మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో చేసే మినీ ప్రాజెక్టు కన్నా సింపుల్‌గా ఉంటుంది. పశువుని తూకం వేసే ఇనుప బోను బయట రెండు లైట్ సెన్సార్లు పెడతారు, వాటి మధ్య దూరం 1.7 మీటర్లు. బోను తలుపు తీస్తారు. పశువు మొదటి సెన్సార్ దాటగానే టైమర్ ఆన్ అవుతుంది, రెండోది దాటగానే ఆఫ్. అంతే. దీన్ని ఫ్లైట్ టైమ్ అంటారు. టైమ్ తక్కువ వచ్చిందంటే అది మనుషుల దగ్గర్నుంచి భయపడి దూసుకుపోయిందని లెక్క. నింపాదిగా నడుచుకుంటూ పోయేది సాధువు. 1988లో హెదర్ బరో అనే శాస్త్రవేత్త బృందం ఈ పద్ధతిని ప్రచురించింది.

సెన్సార్లు లేనివాళ్లు కంటితో చూసి మార్కులు వేస్తారు. బోనులో కదలకుండా నిలబడితే 1, బోనునే విరగ్గొట్టేలా ఎగిరితే 5. మన వైవా మార్కుల్లా ఇందులోనూ చూసేవాడి మూడ్ కొంత కలుస్తుందని నా అనుమానం.

ఆవు కోపాన్ని ఇంత శ్రద్ధగా కొలవడం ఎందుకంటే, అక్కడ పశువుల్ని పెంచేది మాంసానికి. 1997లో కొలరాడోలో చేసిన ఒక పరిశోధనలో, ఒకే మేత తిన్నా బెదురు పశువుల కన్నా సాధువైనవి రోజూ ఎక్కువ బరువు పెరిగాయని తేలింది. ఇంకో నష్టం కూడా ఉంది. కోతకి ముందు బాగా బెదిరిన పశువు కండల్లోని గ్లైకోజెన్ ఖర్చయిపోతుంది. దాంతో మాంసంలో ఆమ్లం సరిగ్గా తయారవక, నల్లబడి, ధర పడిపోతుంది. కంగారుపడే పశువు మనిషిని తొక్కే ప్రమాదం ఎలాగూ ఉంటుంది.

మరి జాతుల మధ్య తేడా ఉందా? ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన హియర్‌ఫర్డ్‌కి నెమ్మదస్తురాలని పేరు. ఫ్రాన్స్‌కి చెందిన లిమోసిన్‌కి ఒకప్పుడు ఎంత చెడ్డపేరు ఉండేదంటే, 1990లలో అమెరికాలోని ఆ జాతి పెంపకందారుల సంఘం దూడలకి సాధుగుణం మార్కులు వేయించి, మంచి మార్కులు వచ్చిన ఆంబోతుల్నే ఎంచుకుంటూ కొన్ని తరాల్లో జాతి స్వభావాన్నే మార్చుకుంది. అంటే బెదురు కొంతవరకు వారసత్వంగా వస్తుందన్నమాట.

ఇక అందరికన్నా బెదురుది ఏదని వెతికితే ఎక్కువగా కనిపించే పేరు బ్రాహ్మన్. ఆ కొలరాడో పరిశోధనలో కూడా మూపురం జాతుల రక్తం కలిసిన పశువులకే బెదురు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే బ్రాహ్మన్ అనే ఆ అమెరికా జాతిని తయారుచేసింది మన దేశం నుంచి వెళ్లిన గుజరాత్, గిర్, కృష్ణాలోయ పశువులతోపాటు మన ఒంగోలుతో! బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివే. ఆ పేరు మన నెల్లూరుది, రక్తం ఒంగోలుది. కానీ మన దగ్గర ఒంగోలు గిత్తని బెదురుగొడ్డు అని ఎవరంటారు? అంత ఎత్తు గిత్తని ముక్కుతాడు పట్టుకుని పదేళ్ల పిల్లాడు చెరువుకి తోలుకెళ్తాడు.

ఒకే రక్తానికి అక్కడ రౌడీ అని, ఇక్కడ సాధువని పేరెందుకు వచ్చింది?

ఈ ప్రశ్న నాకు సరదాకి వచ్చింది కాదు. మాది మందస వైపు పల్లె. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా కొబ్బరి చెట్లని పడగొట్టాక, ఇంట్లో రోజూ చేతికి డబ్బు వచ్చేది పాలమీదే. ఇప్పుడు ఆ ఆవు వట్టిపోయింది, ఇంకోటి కొనాలి. మా తాత ఉద్దానంలో చాలామందిలాగే కిడ్నీ పేషెంటు, డయాలసిస్‌కి పలాస వెళ్తుంటాడు. సూదులు గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమ చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి ఏదీ బిగుతుగా చుట్టకూడదు. పలుపు ఆ చేతికి చుట్టుకుని ఉండగా ఆవు ఒక్కసారి బెదిరి లాగితే ఏమవుతుందో ఊహించడానికి డాక్టర్ అవ్వక్కర్లేదు. ఆవుని మానేద్దాం అంటే తాత వినడు. "సాధువైన జాతేదో నువ్వే సూసి సెప్పు" అని పని నాకు అప్పగించారు. మామ్మ తీర్పు ముందే వచ్చేసింది: "జెర్సీ వద్దురా, తంతాది."

చదివినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. జాతి ఇచ్చేది వేరియబుల్‌కి ఇనిషియల్ వాల్యూ మాత్రమే. తర్వాత ఆ విలువని రోజూ మార్చేది మనిషి చెయ్యి. టెక్సస్‌లోనో, ఉత్తర ఆస్ట్రేలియాలోనో బ్రాహ్మన్ దూడ వందల ఎకరాల బయల్లో పెరుగుతుంది. అది మనిషిని చూసేది ఏడాదిలో ఏ కొద్దిసార్లో. అదీ వాతలు పెట్టడానికో, సూది పొడవడానికో వచ్చిన మనిషిని. మన ఒంగోలు దూడ పుట్టిన రోజునుంచీ మనుషుల మధ్యే ఉంటుంది. దాని గంగడోలు నిమిరేవాళ్లు, కుడితి పెట్టేవాళ్లు, ఇంటి పిల్లలు, అందరూ దానికి తెలుసు. మూపురం జాతులు అనుభవాన్ని గట్టిగా పట్టుకుంటాయని పశువుల ప్రవర్తన మీద పనిచేసేవాళ్లు అంటారు. కఠినంగా చూస్తే యూరప్ జాతులకన్నా ఎక్కువ బెదురుతాయి, మాలిమి చేస్తే అంతే గట్టిగా అంటిపెట్టుకుంటాయి. దీనికితోడు మన రైతులు తరతరాలుగా కాడికి వంగని గిత్తని అమ్మేస్తూ వచ్చారు. లిమోసిన్‌వాళ్లు మార్కులు వేసి చేసిన పని, మనవాళ్లు ఏ షీటూ లేకుండానే చేశారు.

మాలిమికి ఒక చిక్కు ఉంది. 1990లో హియర్‌ఫర్డ్ కోడెల మీద వచ్చిన పరిశోధనలో, మంద లేకుండా ఒంటరిగా మనుషుల చేతిలో పాలు తాగి పెరిగినవే పెద్దయ్యాక మనుషుల మీదకి ఎక్కువగా వచ్చాయి. వాటికి మనిషంటే భయం లేదు, ఇంకో ఎద్దు అనుకుంటాయి. కాబట్టి కోడెదూడని ముద్దుచేసి తలతో కుమ్మించుకునే ఆట ఆడేవాళ్లు జాగ్రత్త.

మా వైపు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. చిన్నసైజు నాటావు, గోపాలమిత్రతో సూది వేయిస్తే పుట్టిన జెర్సీ క్రాస్. నాటావు దూడ లేకపోతే సరిగ్గా చేపదు, కొత్తవాళ్లు కూర్చుంటే పాలు ఎగబట్టేస్తుంది. దీన్ని మనం పొగరు అంటాం కానీ అది హార్మోన్ల లెక్క. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ కావాలి, భయంతో పుట్టే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. జెర్సీ దూడ లేకపోయినా చేపుతుంది, కానీ చురుకైన జాతి, చిన్న చప్పుడుకే తల తిప్పుతుంది. మామ్మ చెప్పిన తన్నడం వెనక చాలాసార్లు పొదుగువాపు నొప్పి ఉంటుంది. జెర్సీలో ఆంబోతులకి మాత్రం ప్రపంచమంతా చెడ్డపేరే, అది నిజం.

సంతలో ముసలాళ్లు సుళ్లు చూస్తారు కదా, ఏ చోట సుడి ఉంటే అదృష్టం, ఏ చోట ఉంటే అరిష్టం అని. నేను నవ్వేవాణ్ని. కానీ 1995లో టెంపుల్ గ్రాండిన్ బృందం, నుదుటి మీద సుడి కళ్లకన్నా పైన ఉన్న పశువులు బోనులో ఎక్కువ కంగారుపడ్డాయని చూపించింది. చర్మం, మెదడు పిండంలో ఒకే పొరనుంచి తయారవడం దీనికి కారణం కావచ్చని వాళ్ల ఊహ. అదృష్టం సంగతి పక్కనపెడితే, సుడి చూడటం మరీ పిచ్చిపని కాదు.

టెక్కలి దాటాక నారాయణవలస సంతలో కొందామని నాన్న అన్నాడు. నేను వద్దన్నాను. లారీలో వచ్చిన ఆవు అలసిపోయి సాధువులా కనిపించొచ్చు, మంచి ఆవు కొత్త జనాన్ని చూసి బెదరొచ్చు. అక్కడ తీసుకునే డేటా అంతా నాయిసే. తాత నా మాటకి తలూపి, "ఎవులు పెంచినారో అడగరా ముందు" అన్నాడు. అందుకే తెలిసినవాళ్ల ఇంట్లో, పాలు తీసే వేళకి రెండు పూటలా వెళ్లి చూడాలనుకున్నాం. ఒక పూట ఆ ఇంటావిడ తీస్తుంది, ఇంకో పూట మామ్మ కూర్చుంటుంది. చెవులు వెనక్కి పడుతున్నాయా, తోక ఆగకుండా కొడుతోందా, కళ్లల్లో తెలుపు కనిపిస్తోందా అన్నది నేను నోట్ చేస్తాను. పలుపు మాత్రం తాత కుడిచేత్తోనే పట్టుకుంటాడు, చుట్టుకోకుండా. పక్క ఊళ్లో ఒక నాటావు ఈ నెలాఖరుకి ఈనుతుందట. ఈనిన కొత్తలో ఏ తల్లయినా దూడ దగ్గరికి రానివ్వదు కాబట్టి, ఓ పదిహేను రోజులు ఆగి వెళ్తున్నాం.