గుట్ట మీది మట్టి, జలాశయం అడుగున

మంజీర నది మీద నిజాంసాగర్ కట్టినప్పుడు అందులో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేవి. 1931లో పూర్తయిన ఆ జలాశయం నలభై ఏళ్లు తిరిగేసరికి 12 టీఎంసీలకు తగ్గిపోయింది. కట్ట తెగలేదు, గేట్లు విరగలేదు. అడుగున పూడిక పేరుకుంది. ఇంజనీర్లు వేసుకున్న అంచనాకు పది రెట్లకు మించి మట్టి వచ్చిపడింది. నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచాకే సామర్థ్యం మళ్లీ 17.8 టీఎంసీలకు చేరింది.

అంత మట్టి ఎక్కడిది?

మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చే మంజీర దారి పొడవునా చెట్లు పోయిన గుట్టలూ, వాలు వెంబడి దున్నిన చెలకలూ ఉన్నాయి. అడవిలో చినుకు ముందు ఆకు మీద పడుతుంది. రాలిన ఆకులు నేలను కప్పుతాయి, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, వానపాములు, చెదపురుగులు చేసిన సందుల్లోంచి నీరు లోపలికి ఇంకుతుంది. అడవి పోతే ఈ పనులన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఇంకాల్సిన నీరు మట్టిని వెంటేసుకుని వాగులో పడుతుంది. ఎండాకాలం బోర్లు ఎండడానికీ, వానాకాలం వాగులు పొంగడానికీ మూలాల్లో ఇదొకటి.

కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి పక్కనే నాగిరెడ్డిపేట మండలంలో 1922 నాటి పోచారం ప్రాజెక్టు ఉంది. దాన్ని ఆనుకున్న అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో అభయారణ్యమైంది. 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు, కొండగొర్రెలు బతుకుతున్నాయి. వేటకోసం కాపాడిన అడవే ఇవాళ ఈ ప్రాంతపు నేలను కాపాడుతోంది.

2025 ఆగస్టు చివరి వారంలో రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. 70 వేల క్యూసెక్కులకు కట్టిన పోచారం మీదుగా 1.8 లక్షల క్యూసెక్కులు పోటెత్తాయి. కట్ట నిలిచింది. కామారెడ్డి పట్టణంలో మాత్రం వాగు పక్క కాలనీలు మునిగాయి. భిక్కనూర్ దగ్గర పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు, నిజమే. కానీ వాగు పారే చోట ఇళ్లు కట్టింది వాన కాదు.

చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ 2015 మార్చి 12న ఈ జిల్లాలోని సదాశివనగర్‌లోనే మొదలైంది. చెరువుల్లోంచి తీసిన ఒండ్రును రైతులు పొలాలకు తోలుకున్నారు. మంచి పని. అయితే ఎగువ గుట్ట బోడిగా ఉన్నంతకాలం ఆ చెరువులు మళ్లీ పూడుతూనే ఉంటాయి. పూడికతీతకు పెట్టే డబ్బులో కొంతైనా గుట్టల మీద కందకాలకూ, వాగు ఒడ్డున చెట్లకూ పోవాలి. చెరువుల శిఖం భూములకు హద్దురాళ్లు పాతాలి. మంజీరలో ఇసుక తవ్వకాలనూ కట్టడి చేయాలి. ఇసుక పోయిన చోట నది అడుగు దిగిపోతే, ఒడ్డు బావుల్లో నీళ్లు కూడా దిగిపోతాయి.