బలం వేరు... మన్నిక వేరు!

బోరు ఒకటే కదా అని రివాల్వర్‌లో ఏ తూటా పడితే ఆ తూటా పేల్చవచ్చా? కూడదు. ఎందుకంటే...

విశాఖ మద్దిలపాలెం డిపోలో బయల్దేరిన సిటీబస్సు ఫుట్‌బోర్డు దాకా జనంతో ఓ పక్కకు ఒరిగిపోతూ వెళ్తుంది. ఆ పూటకి దానికేమీ కాదు. రోజూ అదే బరువైతే? ఏదో ఒకనాడు కమాను పట్టీ పటుక్కుమంటుంది. రివాల్వరూ అంతే. ఒక్క గట్టి తూటాను తట్టుకోవడం బలం. వేల తూటాలను తట్టుకోవడం మన్నిక.

మూడింతల ఒత్తిడి!

మన లైసెన్సుదారులకు బాగా తెలిసినది .32 బోరు. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన 'నిర్భీక్' కూడా అదే. ఇందులో వాడే లాంగ్ తూటాకు అమెరికా ప్రమాణాల్లో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. కారు టైరులో మనం కొట్టించే గాలి ముప్పై చిల్లరే! దాదాపు అదే వెడల్పు గుండుతో 1984లో హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ వచ్చింది. దాని పీడనం 21,000 పౌండ్లు. తర్వాత వచ్చిన .327 ఫెడరల్ మాగ్నమ్‌ది ఏకంగా 45,000!

అందుకే కొత్త తూటాల ఇత్తడి తొడుగు పొడవు పెంచారు... పాత రివాల్వర్‌లో దూరకుండా. మాగ్నమ్ రివాల్వర్‌లో లాంగ్ తూటా పేల్చవచ్చు. లాంగ్ రివాల్వర్‌లో మాగ్నమ్ కుదరదు. సిలిండర్ గదిని తొలిపిస్తే తూటా పట్టొచ్చుగానీ, ఉక్కు బలం పెరగదుగా!

ముందు అలిసేదెక్కడ?

చాలా ఆరు తూటాల రివాల్వర్లలో సిలిండర్‌ను ఆపే గాటు సరిగ్గా గది మీదే ఉంటుంది. గోడ అక్కడే పలచన. పీడనం హద్దు మీరితే సిలిండర్ బద్దలై, చేతికీ కంటికీ ముప్పు.

హద్దులోనే ఉన్నా అరుగుదల తప్పదు. స్మిత్ అండ్ వెసన్ 1955లో .357 మాగ్నమ్‌కు చేసిన 'కంబాట్ మాగ్నమ్' బలమైనదే. కానీ తేలిక గుండున్న ఘాటు తూటాలను ఎడాపెడా పేల్చేసరికి కొన్నింటిలో నాళం వెనుక అంచు పగిలింది. 1980ల ఆరంభంలో కంపెనీ ఇంకాస్త బరువైన చట్రంతో కొత్త మోడళ్లు తెచ్చింది.

సిలిండర్ ముందుకూ వెనక్కూ ఆడుతోందా? పేల్చినప్పుడు పక్కలకు సీసం తుంపరలు చిమ్ముతున్నాయా? లైసెన్సున్న ఆయుధాల నిపుణుడికి చూపించాల్సిందే. ఇక నాళం మీద చెక్కిన పేరు, తూటాల పెట్టె మీది పేరు... రెండూ పొల్లు పోకుండా కలవాలి. బోరు అంకె ఒక్కటీ కలిస్తే చాలదు!