ఫుడ్ అలర్జీ: ‘నాకు పాలు పడవు’ అంటున్నారా? అది అలర్జీనా, అరగకపోవడమా.. తేడా తెలియకపోతే ముప్పే!

‘నాకు పాలు పడవు’, ‘మా వాడికి రొయ్యలు పడవు’.. మన ఇళ్లలో తరచూ వినిపించే మాటలివి. అయితే ఈ ‘పడదు’ అన్న ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఒకటి కడుపును కాసేపు ఇబ్బంది పెట్టి వదిలేస్తుంది. రెండోది నిమిషాల్లో ఊపిరాడకుండా చేయగలదు. మొదటిది ఫుడ్ ఇంటాలరెన్స్, రెండోది ఫుడ్ అలర్జీ. రెండింటినీ ఒకేలా చూడటమే అసలు ప్రమాదం.

అలర్జీలో ఏం జరుగుతుంది?

అలర్జీ అనేది రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన సమస్య. పాలు, గుడ్డు, పల్లీలు, జీడిపప్పు, రొయ్యలు, చేపలు, గోధుమ, సోయా వంటి వాటిలో ఉండే ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా పొరబడుతుంది. దానిపై పోరాడేందుకు ఐజీఈ అనే యాంటీబాడీలను సిద్ధం చేసుకుంటుంది. మళ్లీ అదే పదార్థం తింటే హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దద్దుర్లు, దురద, పెదాలు, కళ్ల చుట్టూ వాపు, వాంతులు సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు మొదలవుతాయి.

పరిస్థితి తీవ్రమైతే గొంతు వాచిపోతుంది, ఆయాసం వస్తుంది, బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ఇది ప్రాణాంతకం.

మరి ఇంటాలరెన్స్ అంటే?

ఇది ఎక్కువగా జీర్ణక్రియకు సంబంధించినది. ఉదాహరణకు పాలలో లాక్టోస్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించాలంటే చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. చాలామందిలో వయసు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోస్ పెద్దపేగులోకి చేరి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులుస్తుంది. ఫలితంగా కడుపు ఉబ్బరం, గ్యాస్, నొప్పి, విరేచనాలు. ఇబ్బందే కానీ ప్రాణం మీదకు రాదు.

ఒకే గ్లాసు పాలు.. రెండు కథలు

లాక్టోస్ పడనివాళ్లలో చాలామంది టీలో కొద్దిగా పాలు పోసుకున్నా, అన్నంలో పెరుగు కలుపుకున్నా పెద్దగా ఇబ్బంది పడరు. పాలు తోడుకునేటప్పుడు కొంత లాక్టోస్ తగ్గిపోవడమే కారణం. అంటే ఇక్కడ ‘ఎంత’ తిన్నామన్నది ముఖ్యం.

పాల అలర్జీ ఉన్నవాళ్ల సంగతి వేరు. పెరుగు, పనీర్, పాలకోవా అన్నింటిలోనూ అదే ప్రొటీన్ ఉంటుంది. లాక్టోస్ ఫ్రీ పాలు కూడా వీళ్లకు పనికిరావు. ఎందుకంటే అందులో తీసేసేది చక్కెరను, ప్రొటీన్‌ను కాదు. ఆవుపాలకు బదులు మేకపాలు ఇద్దామన్నా, రెండింటి ప్రొటీన్లూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రమాదమే.

‘కొంచెం తింటే ఏం కాదులే’ అనొద్దు

బంధువుల ఇంట్లోనో, ఫంక్షన్‌లోనో పిల్లలకు ప్రేమగా తినిపిస్తూ పెద్దలు అనే మాట ఇది. అలర్జీ ఉన్నవాళ్ల విషయంలో ఆ ‘కొంచెం’ చాలు. పల్లీ చట్నీ గరిటెను సాంబారులో పెట్టినా, గ్రేవీలో జీడిపప్పు పేస్ట్ కలిపినా రియాక్షన్ రావచ్చు. ప్యాకెట్ ఆహారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం అలర్జీ కలిగించే పదార్థాల వివరాలు లేబుల్‌పై ఉండాలి. విందు భోజనానికి లేబుల్ ఉండదు కదా! అందుకే వడ్డించేవాళ్లను కాదు, వండినవాళ్లను అడగాలి.

టెస్టులు ఏమున్నాయి?

అలర్జీ అనుమానం ఉంటే డాక్టర్లు లక్షణాలు అడిగి తెలుసుకుని, స్కిన్ ప్రిక్ టెస్ట్ లేదా ఐజీఈ రక్తపరీక్ష చేయిస్తారు. రిపోర్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టే కాదు. తిన్నప్పుడు లక్షణాలు కూడా రావాలి. లాక్టోస్ సమస్యకు హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ ఉంది. ‘ఫుడ్ సెన్సిటివిటీ’ పేరుతో అమ్మే ఐజీజీ టెస్టులను అలర్జీ నిపుణులు సిఫార్సు చేయరు. వాటిని నమ్మి పిల్లలకు పాలు, గుడ్లు మాన్పిస్తే పోషకాహార లోపం వస్తుంది.

ఎమర్జెన్సీలో ఏం చేయాలి?

తిన్న కాసేపటికే గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. వెంటనే 108కి కాల్ చేయాలి. మనిషిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి. ఈ స్థితిలో ప్రాణం కాపాడే మొదటి మందు తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగడం ప్రమాదకరం. తగ్గినట్టు అనిపించినా కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టొచ్చు కాబట్టి ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాల్సిందే.

ఇకపై ఎవరైనా ‘నాకు అది పడదు’ అంటే ఒక్క ప్రశ్న అడగండి.. ‘తింటే ఏమవుతుంది?’ కడుపు ఉబ్బరమా, లేక ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసమా? రెండోదైతే బలవంతం చేయకండి, డాక్టర్‌ను కలవమని చెప్పండి.