తొక్కుడు మిషన్‌కు మోటారు బిగించే ముందు

కనిగిరి వంటి పట్టణాలలో కుట్టు మిషన్ కేవలం ఇంటి సామాను కాదు; ఎందరో తల్లులకు అది గౌరవప్రదమైన జీవనాధారం. అమ్మమ్మ తొక్కిన మిషన్ మీదనే మనవరాలు కుడుతున్న ఇళ్లున్నాయి. పోత ఇనుప స్టాండు, తోలు బెల్టు గల ఆ యంత్రం నేటికీ చక్కగానే పనిచేస్తుంది. అలసినవి దానిని తొక్కే కాళ్లే. రంజాన్ ముందు రోజులలోనూ, బడులు తెరిచే వేళలోనూ పొద్దుపోయే దాకా తొక్కిన మోకాళ్ల బాధను ఆ తల్లి ఎవరికీ చెప్పుకోదు.

యంత్రాలపై మోజును విమర్శించిన గాంధీజీ సైతం 1924లో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయించారు. మనిషికి శ్రమ తగ్గించడమే దాని ఉద్దేశమని ఆయన భావించారు. మోటారు బిగించదలచిన మనకూ అదే ప్రమాణం కావాలి.

మోటార్లు రెండు విధాలు. చిన్న మోటారును మిషన్ వెనుక, చేతి చక్రం వద్ద బిగిస్తారు. పెడల్ నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. జాకెట్లు, పిల్లల దుస్తులు కుట్టే ఇంటికి ఇది చాలు. తొక్కుడు పలకను విప్పనవసరం లేదు; కరెంటు పోయినపుడు తోలు బెల్టు తగిలించుకొని కాళ్లతోనే కుట్టుకోవచ్చు.

రెండవది క్లచ్ మోటారు. దీనిని బల్ల కింద బిగిస్తారు. స్విచ్ వేసినది మొదలు అది తిరుగుతూనే ఉంటుంది. పెడల్ నొక్కినపుడు క్లచ్ పలక తిరిగే చక్రానికి ఆనుకొని మిషన్‌ను నడుపుతుంది. మందపు గుడ్డకు బలం చాలుతుంది. కాని బరువు ఎక్కువ, మోత ఎక్కువ; కుట్టని వేళలోనూ కరెంటు ఖర్చవుతుంది. పాత చెక్క బల్లకు అడుగున గట్టి పలక వేసి బోల్టులతో బిగించాలి.

వేగం విషయంలో ఆశ పనికిరాదు. పాత ఇంటి మిషన్‌ను నిమిషానికి 1000 కుట్లు దాటనీయకపోవడం మేలు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేదై, దాని పుల్లీ 2 అంగుళాలు, మిషన్ చక్రపు గాడి 3 అంగుళాలు ఉంటే 960 కుట్లు పడతాయి. అవే పుల్లీలతో 2880 చుట్ల మోటారు పెడితే వేగం 1920కి చేరుతుంది. పాత భాగాలు త్వరగా అరిగిపోతాయి.

చేతి చక్రం పైభాగం కుట్టేవారి వైపుకే తిరగాలి. ఎదురు తిరిగితే దారం చిక్కుపడి తెగుతుంది. బెల్టు మరీ బిగుతుగా ఉండరాదు. మిషన్ నూనె తప్ప కొబ్బరి నూనె వేయరాదు. అది జిగురుగా మారి పట్టేస్తుంది. ఇనుప స్టాండుకు షాకు తగలకుండా ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. దుపట్టా అంచు, పిల్లల వేళ్లు బెల్టులో పడకుండా మూత ఉండాలి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. మోటారు వల్ల మిగిలిన గంట ఎవరిది? ఆ గంటలోకి మరో పది జాకెట్లు వచ్చి చేరితే కాళ్ల నొప్పి నడుముకు మారుతుంది, అంతే. స్త్రీలు సంపాదించినది వారి భాగమేనని దివ్య ఖుర్‌ఆన్ (4:32) తెలియజేస్తున్నది. మోటారు తెచ్చిన అదనపు ఆదాయమూ ఆమెదే, మిగిలిన విశ్రాంతీ ఆమెదే. ఈ హక్కును అంగీకరించిన తరువాతే మనం మెకానిక్‌ను పిలుద్దాం.