నల్ల ఆయిల్ నేల తాకకుండా

బేతంచెర్ల అనగానే తెలుగునాట చాలామందికి ఇంట్లో కాలి కింది బండే గుర్తొస్తుంది. ఆ నాపబండ సున్నపురాయి. ఆ రాతి గుణం తెలియాలంటే 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫూట్ తవ్వకాలు జరిపించిన బిల్లసర్గం గుహలు ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఉన్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ బెలుం సొరంగాలను ఏ మనిషీ తొలవలేదు. నీళ్లే రాయిని కరిగించుకుంటూ చేసుకున్న దారులవి. మట్టి మందంగా ఉన్నచోట పైన ఒలికింది కొంతైనా వడకట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాతి నేలలో పగులు దొరికిందంటే తిన్నగా బోరునీటి దాకా పోగలదు. కారు ఇంజన్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవాలనుకునేవాళ్లు ఖర్చు, సుఖం చూసుకునే ముందు ఈ నేలను చూడాలి. అలా చూస్తే, ఆయిల్‌ను కింద నుంచి వదిలే పద్ధతి కన్నా పైనుంచి పీల్చే వాక్యూమ్ ఎక్స్‌ట్రాక్టరే మన ప్రాంతానికి ఎక్కువ నప్పుతుందని నా వాదన.

పనిముట్టు సాదా సీదాది. మూత గట్టిగా బిగిసే డబ్బా, దానికో చేతిపంపు, ఒక సన్నటి గొట్టం. కారు బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి ఆ దారిలోనే గొట్టాన్ని ఆయిల్ చాంబర్ అడుగు తగిలేదాకా దించుతారు. పంపు కొట్టేకొద్దీ డబ్బాలో గాలి పలచబడుతుంది. చాంబర్‌లోని ఆయిల్ మీద ఉన్న మామూలు గాలి ఒత్తిడే దాన్ని గొట్టంలోకి నెడుతుంది. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి తాగినప్పుడు జరిగేదీ ఇదే. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి కదలదు కాబట్టి ఇంజన్‌ను కొన్ని నిమిషాలు నడిపి ఆపాలి. అలాగని నంద్యాల దాకా వెళ్లొచ్చిన వెంటనే మొదలుపెడితే, కాగిన ఆయిల్ చేతిని కాలుస్తుంది, గొట్టాన్నీ మెత్తబరుస్తుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పడవల్లో ఇంజన్ కింద చెయ్యి పట్టదు గనుక చాలావాటికి ఆయిల్ ఇలాగే తీస్తారు. యూరప్‌లో వచ్చిన మొదటి తరం స్మార్ట్ కారుకైతే చాంబర్ కింద డ్రెయిన్ నట్టే పెట్టలేదు.

కింద ఒక ట్రే పెట్టి నట్టు విప్పితే పోయేదానికి ఇదంతా ఎందుకని అడగొచ్చు. ట్రేతోనూ శుభ్రంగా చేయవచ్చు, కాదనను. కానీ ఆఖరి మర ఊడగానే ఆయిల్ ఏటవాలుగా ఎగజిమ్ముతుంది, నట్టు ట్రేలో పడుతుంది, నిండిన ట్రేను బయటికి లాగి క్యానులోకి వంచాలి. ఒలకడానికి ఇన్ని సందులున్నాయి. ఎక్స్‌ట్రాక్టర్‌లో ఆయిల్ మొదటినుంచీ మూతపెట్టిన డబ్బాలోనే ఉంటుంది. అంతకన్నా పెద్ద సంగతి ప్రాణానికి సంబంధించింది. కింద దూరాలంటే కారును లేపాలి. జాకీ టైరు మార్చడానికే తప్ప దాని మీద నిలబెట్టిన బండి కింద మనిషి పడుకోవడానికి కాదు. బండలకు కొదవలేని ఊళ్లో నాలుగు బండలు పేర్చి బండిని నిలబెడదామన్న ఆలోచన సులువుగా వస్తుంది. నాపబండ ఇంటి నేలగా పరిస్తే తరాలు నిలుస్తుంది గానీ, బరువంతా ఒక్కచోట పడితే చెప్పకుండా విరుగుతుంది. ఆ పని ఎప్పుడూ చేయకూడదు.

మెకానిక్‌లు చెప్పే అభ్యంతరం గట్టిది: అడుగున పేరుకున్న మడ్డి పైనుంచి రాదు. నిజమే, గట్టిపడిన మడ్డి రాదు. అయితే అది నట్టు విప్పినా పూర్తిగా రాదు. వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్‌లో అంత మడ్డి చేరకూడదు. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్‌తోపాటు తేలే పొడిని పట్టేది ఫిల్టర్. మీ బండికి ఇది నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక నమ్మకమైన పరీక్ష ఉంది. మొదటిసారి పీల్చేశాక, మెకానిక్ షెడ్డులో డ్రెయిన్ నట్టు విప్పించి ఇంకెంత వస్తుందో కొలవండి. చిన్న గ్లాసెడు వస్తే దిగుల్లేదు. అరలీటరు వస్తే గొట్టం అడుగుకు చేరడం లేదని అర్థం, ఆ కారుకు ఈ పద్ధతి వద్దు. డిప్‌స్టిక్కే లేని కొన్ని ఖరీదైన కార్లకూ ఇది పనికిరాదు. మన చిన్న కార్లలో చాలావాటికి ఫిల్టర్ కిందివైపే ఉంటుంది కాబట్టి దానికోసం షెడ్డుకు వెళ్లక తప్పదు. వెళ్లడమే మేలు కూడా. చాంబర్‌కు రాయి తగిలిందా, ఇరుసుల రబ్బరు బూట్లు చిరిగాయా అన్నది కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. బండల మిల్లుల దుమ్ములో, లారీల వెనక తిరిగే బండికి ఆ చూపు మరీ అవసరం. దుమ్ములో నడిచే కార్లకు ఆయిల్ మామూలు గడువుకన్నా ముందే మార్చాలని కంపెనీల పుస్తకాలే చెబుతాయి. ఆ మధ్యలో వచ్చే మార్పుకు ఎక్స్‌ట్రాక్టర్ బాగా పనికొస్తుంది. వారంటీ ఉన్నన్నాళ్లు మాత్రం సర్వీస్ సెంటర్ బిల్లే శ్రేయస్కరం.

ఇక డబ్బాలోకి చేరిన ఆయిల్ మాట. పీల్చి తీసి చివరకు కాలువలో పోస్తే పడ్డ పాటంతా వృథా. ఒక్క కారు ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే దాదాపు 38 లక్షల లీటర్లను, పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహపు పొడితోపాటు కాన్సర్ కారకాలూ చేరతాయి. సెంట్రింగ్ చెక్కలకు, చెదల మందుగా గుమ్మాలకు పూయడం మనకు అలవాటే గానీ, ఆ పూత చర్మానికీ మట్టికీ అంటేదే. అదే ఆయిల్‌ను నీళ్లూ కూలెంటూ కలపకుండా ఉంచితే శుద్ధిచేసి మళ్లీ వాడవచ్చు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలను 2023లో సవరించి, 2024 ఏప్రిల్ 1 నుంచి దాని రీసైక్లింగ్ బాధ్యతను ఆయిల్ తయారుచేసేవాళ్ల మీద, దిగుమతి చేసుకునేవాళ్ల మీద పెట్టారు. ఇంట్లో మూడు నాలుగు లీటర్లు తీసేవాళ్లకు ఇప్పటికి అందుబాటులో ఉన్న దారి, పీపాల్లో పోగుచేసే షెడ్డుకు ఇచ్చి, అది రీసైక్లింగ్‌కే పోతుందా అని అడగడం. అది చాలదు. కొత్త ఆయిల్ అమ్మే దుకాణమే పాతదాన్ని తిరిగి తీసుకోవాలి, బేతంచెర్లలోనైనా నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా. కొత్తది ఇంజన్‌లో పోశాక ఖాళీ క్యాను మూతతో సహా మన చేతిలోనే ఉంటుంది, తీసిన ఆయిల్ అందులో సరిపోతుంది.