యోగ తరగతి: పిల్లలకేమి, పెద్దలకేమి?

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినంగా ప్రకటించినది. 2015 నుండి ఏటా ఆ ఉదయం మైదానాలలో చాపలు పరచుకొని వందలమంది కూర్చోవడం మనం చూస్తున్నదే. ఆ తరువాత కొన్నాళ్ళపాటు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల గృహస్థులు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. "అయ్యా, మా బాబును యోగ తరగతిలో చేర్పించమంటారా? నాకు షుగరున్నది, నేను కూడా పోవచ్చునా? నలభై రోజులలో తగ్గుతుందంటున్నారు, నిజమేనా?"

చివరి ప్రశ్నకే ముందుగా సమాధానం చెప్పవలసి ఉన్నది. నిజం కాదు. వారానికి ఐదారు రోజులు క్రమం తప్పక అభ్యసించేవారిలో సాధారణంగా మూడు నాలుగు వారాలకు నిద్ర కుదురుకొంటుంది, మెడ, భుజాల పట్టు సడలుతుంది, చిరాకు తగ్గుతుంది, మలబద్ధకం కొంత తీరుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. రక్తపోటు, మధుమేహాలలో కలిగే మేలు మాత్రం నెలల మీద, కొద్దికొద్దిగా, పథ్యంతోను ఔషధంతోను కలిసి కలుగుతుంది. మాత్రలు మానిపించే అధికారం ఆసనానికి లేదు; ఆసనం నేర్పేవారికి అసలే లేదు. జనగామ నుండి రోజూ రైలులో సికింద్రాబాదుకు ఉద్యోగానికి వెళ్ళివచ్చే ఒక గృహస్థు తరగతిలో ఎవరో చెప్పిన మాట నమ్మి షుగరు మాత్రలు మానివేశారు. నెల తిరగకముందే మానని పుండు కాలితో నా వద్దకు వచ్చారు. వారిని ఆ పూటనే ఆసుపత్రికి పంపవలసి వచ్చినది.

కాబట్టి తరగతిలో చేరిన మొదటినాడు గమనించవలసినది గురువుగారి దేహపు వంపులు కాదు. మిమ్మల్ని ఆయన ఏమి అడిగినారన్నది. వయస్సు, చేసే పని, వాడే మందులు, జరిగిన ఆపరేషన్లు, స్త్రీలైతే నెలసరి, గర్భం: ఇవి అడుగకుండానే నలభైమందిని వరుసలో నిలిపి ఒకే ఆసనం వేయించే చోట మీకు పనిలేదు. రక్తపోటు, నీటికాసులు, మెడ ఎముకల బాధ ఉన్నవారు శీర్షాసనం జోలికి పోరాదు. గర్భిణులు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు కపాలభాతి చేయరాదు. ఇన్సులిన్ తీసుకొనేవారు వైద్యుని అడుగకుండా పరగడుపున తరగతికి పోరాదు.

వ్యాయామం బలంలో సగం మేరకే చేయాలన్నది వాగ్భటాచార్యుల శాసనం. నుదుట, ముక్కుపై, కీళ్ళ వద్ద చెమట పొడమి, నోరు ఎండుతున్నదంటే ఆ సగం నిండినదని గుర్తు. అక్కడ ఆగాలి. హఠయోగ ప్రదీపిక కూడా అతి ఆహారంతో పాటు అతి శ్రమను యోగాన్ని చెరిపే వాటిలో లెక్కించినది. నేడు వేగంగా ఆసనం వెంట ఆసనం వేయించే పద్ధతులలో పేరుపొందినవి 1930లలో కృష్ణమాచార్యులవారు మైసూరు రాజప్రాసాదంలోని యోగశాలలో బాలురకు, యువకులకు నేర్పిన బోధన నుండి వచ్చినవి. యాభై ఏళ్ళ ఉపాధ్యాయులు వాటిని తమవిగా చేసుకొనబోవడం సాహసమే.

ఇక పిల్లల సంగతి. అజీర్ణరోగులు, వృద్ధులతో పాటు బాలులను కూడా శ్రమతో కూడిన వ్యాయామానికి దూరంగా ఉంచమన్నది శాస్త్రం. పదహారేళ్ళ లోపువారు బాలులే. అంటే పిల్లలకు యోగ వద్దని కాదు, పెద్దల యోగ వద్దని. ఏడెనిమిదేళ్ళ లోపువారికి పిల్లి, తాబేలు, చెట్టు అంటూ ఆటగా ఇరవై నిమిషాలు చాలును. ఆపైవారికి అరగంట. శ్వాసను బంధించే కుంభకం, భస్త్రిక, తలక్రిందుల ఆసనాలు వారికి అక్కరలేదు. వెన్ను నిలిపి కూర్చోవడం, నెమ్మదిగా ఊపిరి తీయడం, నిద్రకు ముందు టీవీ, ఫోను విడిచి పడుకోవడం అలవడితే ఆ తరగతి సఫలమైనట్లే. ఎత్తు పెరుగుతాడని, మార్కులు వస్తాయని ఆశపడి పంపవద్దు. వేదికపై పోటీల కొరకు వెన్ను విరిచే సాధన చేయించడం నాకు సమ్మతం కాదు. మరొక మాట: మన వేసవి శిబిరాలన్నీ మే నెలలోనే! గ్రీష్మంలో వ్యాయామం తగ్గించమన్న శాస్త్రానికి ఇది సరిగ్గా ఎదురు. ఆ నెలలో పంపితే ఎండ ఎక్కకముందే ఇంటికి చేరే తరగతికి పంపండి.

పెద్దలకు వారు చేసే పనిని బట్టి యోగ మారవలసి ఉన్నది. భూపాలపల్లి కేటీకే గనులలో రాత్రి పాళీ చేసి ఇల్లు చేరిన సింగరేణి కార్మికుడు వెంటనే ఆసనాలకు కూర్చుంటే వాతం ప్రకోపిస్తుంది. రాత్రి జాగరణ చేసినవారు పోయిన నిద్రలో సగం కాలం మరునాడు ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని ఆయుర్వేద విధి. వారు సాయంకాలపు తరగతి ఎంచుకోవాలి. మహబూబాబాద్ ప్రాంతంలో మిరప తోటలున్న ఇళ్ళ స్త్రీలు కోతల కాలంలో రోజంతా ముందుకు వంగియే ఉంటారు. నడుము నొప్పితో తరగతికి వచ్చిన ఆ తల్లులచేత మళ్ళీ పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం వేయించడం పుండుపై కారమే. వారికి కావలసినది మృదువుగా వేసే భుజంగాసనం, మకరాసనం, చివర పది నిమిషాల శవాసనం. డిస్కు జారినవారు వైద్యునికి చూపించుకొనకుండా ఏదీ మొదలుపెట్టరాదు. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకన్న ముందు ప్రయత్నింపదగిన వాటిలో యోగను అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017లో చేర్చినదంటే, అది నొప్పి ఎరిగి నేర్పిన యోగ గురించియే.

రుసుము చెల్లించలేనివారు, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారు దగ్గరి ప్రభుత్వ ఆయుష్ ఆరోగ్య కేంద్రంలో విచారించవచ్చును. ఇటువంటి కేంద్రాలలో పురుషులకు, స్త్రీలకు వేరువేరుగా యోగ శిక్షకులను నియమించే ఏర్పాటు ఉన్నది. ముందుగా వైద్యునికి చూపించుకొనే వీలు కూడా కలుగుతుంది.

తరగతికి భోజనం చేసిన మూడు నాలుగు గంటల తరువాతనే వెళ్ళాలి. చెమట ఆరిన తరువాత, అరగంట ఆగి స్నానం చేయాలి. మొదటి వారం ఒళ్ళు నొప్పులు సహజం. గోరువెచ్చని నువ్వుల నూనె పట్టించి, వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేస్తే రెండు మూడు రోజులలో తగ్గుతాయి. అలా తగ్గక ఒకే కీలు వద్ద నొప్పి నిలిచిపోతే, కాలు తిమ్మిరెక్కుతుంటే తరగతి ఆపి వైద్యుని చూడండి.