ఒంటెల సంత నుంచి షేర్ల సంత దాకా

వాల్ స్ట్రీట్ పేరు వినని వాళ్ళు ఉండరు. 1653లో డచ్చివాళ్ళు అక్కడ ఒక గోడ కట్టారు, ఆ గోడే వీధి పేరయింది. మనం ఉంటున్న కువైట్‌కి కూడా అలాంటి చోటు ఒకటి ఉంది. సల్వా నుంచి సముద్రం పక్క రోడ్డున సిటీకి వెళ్తే, ఆ నగరం నడిబొడ్డులోనే ఉంటుంది. పేరు సూక్ అల్ మనాఖ్. సూక్ అంటే అంగడి. మనాఖ్ అంటే ఒంటెలను మోకాళ్ళ మీద కూర్చోబెట్టే చోటు. మన పశువుల సంత లాంటిదన్నమాట. (అరబిక్ చదువుకునే పిల్లలకి ఈ మాట వాతావరణం పాఠంలో కనిపిస్తుంది. అక్షరాలు అవే, అర్థం వేరు!)

పాత ఒంటెల సంత పేరుతో అక్కడ ఏసీ భవనం లేచింది. 1980 ప్రాంతానికి అందులో షేర్ల వ్యాపారం జోరందుకుంది. అది ప్రభుత్వ మార్కెట్ కాదు. 1977లో ధరలు పడిపోయినప్పుడు ప్రభుత్వం షేర్లు కొని మదుపరులను ఆదుకుంది, ఆ తర్వాత నిబంధనలు బిగించింది. దాంతో కొందరు బహ్రెయిన్‌లో, ఎమిరేట్స్‌లో కంపెనీలు రిజిస్టర్ చేసి, వాటి షేర్లు ఇక్కడ అమ్మసాగారు.

డబ్బు ఎక్కడిది? అసలు కథ ఇక్కడే ఉంది. మన ఊళ్ళలో ప్రోనోటు రాసినట్టు, అక్కడ ముందు తేదీ వేసిన చెక్కులు రాసేవారు. పిల్లలూ, ఒక లెక్క చూడండి. షేరు ధర 100 దినార్లు. కొనేవాడి చేతిలో డబ్బు లేదు. ఏడాది తర్వాతి తేదీ వేసి 150 దినార్లకి చెక్కు ఇచ్చాడు. ఏడాదికి షేరు 200 అయితే అమ్మి, 150 కట్టి, 50 జేబులో వేసుకుంటాడు. పెట్టుబడి సున్నా! మరి షేరు 140 దగ్గరే ఆగితే? ధర 40 శాతం పెరిగింది, అయినా ఆయనకి 10 దినార్ల నష్టం. అంటే ఆ మార్కెట్ కూలడానికి ధరలు పడిపోనక్కర్లేదు, పెరిగే వేగం తగ్గితే చాలు. పైగా చెక్కు పుచ్చుకున్నవాడు దాన్ని ఆస్తిగా లెక్కేసుకుని, తానూ చెక్కులు రాసి ఇంకా షేర్లు కొనేవాడు.

చట్టం ప్రకారం చెక్కుని తేదీకి ముందే బ్యాంకులో వేయొచ్చు. మాట మీద నమ్మకంతో ఎవరూ వేసేవారు కాదు. ఒక దశలో కువైట్ షేర్ల మొత్తం విలువ అమెరికా, జపాన్‌ల తర్వాత ప్రపంచంలో మూడో స్థానానికి చేరింది. 1982 ఆగస్టులో చెక్కులు చెల్లక వెనక్కి రావడం మొదలైంది. అంతే, అందరూ ఒకేసారి బ్యాంకులకి పరుగెత్తారు.

ప్రభుత్వం చెక్కులన్నీ తెచ్చి నమోదు చేయమంది. సుమారు 29,000 చెక్కులు, 9,400 కోట్ల డాలర్లు! దేశం ఏడాది మొత్తం ఆదాయానికి అది కొన్ని రెట్లు. అప్పు చేసి పప్పు కూడు తినడం విన్నాం గానీ, ఇది దేశమంత పప్పు కూడు. పాస్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసిన ఒక యువకుడు ఒక్కడే 1,000 కోట్ల డాలర్లకి పైగా బాకీ తేలాడు.

ఈ చిక్కు విప్పడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చే లెక్క. రాము సోముకి 100 బాకీ, సోము భీముకి 100, భీము రాముకి 100. కాగితం మీద 300 అప్పు, నిజానికి ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. అలా కొట్టివేతలు చేసుకుంటూ పోతే మొత్తం చాలా తగ్గింది. కానీ గొలుసులో ఒక్కడు చేతులెత్తేస్తే మిగతావాళ్ళ లెక్కలూ తప్పుతాయి. చిన్న మదుపరుల కోసం ప్రభుత్వం 50 కోట్ల దినార్ల నిధి పెట్టింది. నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్ గట్టిగా నిలబడింది గానీ, మిగతా బ్యాంకుల్ని ఆదుకోవాల్సి వచ్చింది.

1983లో కువైట్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చట్టబద్ధంగా ఏర్పడింది. 2016 నుంచి ఆ పని బూర్సా కువైట్ చూస్తోంది. మనాఖ్ బాకీలు మాత్రం అంత త్వరగా తీరలేదు. 1990లో ఇరాక్ దాడి చేసేనాటికీ కొన్ని మిగిలే ఉన్నాయి. బ్యాంకుల మొండి బాకీల పరిష్కారానికి 1993లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.